గొర్రెలు, ఆవులు, కోళ్లకు రంగు–విటమిన్ జన్యు పరీక్ష కిట్: సగం పనికొచ్చేది, సగం బడాయి

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తా. ఈ కిట్‌లో జన్యు పరీక్ష భాగం బాగుంది, దానికి తగిలించిన 'విటమిన్ స్కోరు' దండగ. ఐదు నక్షత్రాల్లో మూడు ఇస్తున్నా, ఆ మూడూ రిపోర్టు మొదటి పేజీకే. పొట్టేలుకి తప్పకుండా చేయించొచ్చు, పాల ఆవుకి అవసరాన్ని బట్టి చూసుకోవచ్చు, గుడ్డు సొన రంగు కోసం కోళ్లకి చేయిద్దామనుకుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. కంపెనీ పేరు రాయట్లేదు. నా గొడవ వాళ్లతో కాదు, జంతువు ఒంట్లో రంగు నిలవడాన్నీ విటమిన్ నిలవడాన్నీ ఒకే గాటన కట్టేసిన ఆ రిపోర్టుతో.

కిట్ అంటే పెద్ద హడావుడి ఏమీ లేదు. ప్రతి జంతువుకీ ఒక చిన్న కవరు, దాని మీద బార్‌కోడ్, చెవి ట్యాగ్ నంబరు రాయడానికి గడి, ఒక సూచనల కాగితం. ఆవుకి తోక కుచ్చు నుంచి వెంట్రుకలు పీకి పంపాలి, కత్తిరించినవి పనికిరావు, ఎందుకంటే వాళ్లకి కావాల్సిన డీఎన్‌ఏ వెంట్రుక మొదట్లో ఉండే తెల్లటి బుడిపెలో ఉంటుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే ఆ బుడిపె కంటికే కనిపిస్తుంది, అది లేకపోతే ఇంకో నాలుగు పీకడమే. తడిసిన తోక నుంచి, పేడ అంటిన తోక నుంచి తీయొద్దని రాశారు, మంచిదే. కవల దూడల గురించి ఒక లైను ఉండటం నాకు బాగా నచ్చింది. ఆవు కడుపులో కవలలు పెరిగేటప్పుడు చాలాసార్లు వాటి రక్తం కలిసిపోతుంది, పుట్టాక కూడా ఒకదాని రక్తంలో రెండోదాని కణాలు తిరుగుతూనే ఉంటాయి, అందుకే కవలలకి రక్తం నమూనా ఇస్తే ఫలితం కలగాపులగం అయ్యే ప్రమాదం ఉంది, వెంట్రుక మొదలు ఇస్తే ఆ బాధ తక్కువ. ఇంత వివరం ఆలోచించి రాసినవాళ్లు స్కోరు పేజీ ఎలా వదిలారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కోళ్లకైతే అప్పుడే మొలుస్తున్న ఈక కావాలి, మొదట్లో ఇంకా మెత్తగా, రక్తం ఉన్నది. ముదిరిపోయి రాలిన ఈకలు పంపితే నమూనా ఫెయిల్ అని మెయిల్ వస్తుంది.

నేను దీన్ని ఎందుకు తీసుకున్నానంటే గొర్రెల వల్ల. ఒకే మేతలో తిరిగిన గొర్రెపిల్లల్లో చాలావాటికి కొవ్వు తెల్లగా ఉంటే కొన్నిటికి మాత్రం పసుపుగా వస్తోంది, కొనేవాళ్లు చూడగానే 'కామెర్లా?' అంటారు. ఆ భయం తీర్చడానికి పరీక్ష కిట్ అక్కర్లేదు, ఆ సంగతి ముందు చెప్పాలి. కామెర్లయితే కొవ్వు ఒక్కటే కాదు, కంటి తెల్లగుడ్డు, స్నాయువులు, కీళ్ల దగ్గర మృదులాస్థి, రక్తనాళాల లోపలి పొర అన్నీ పసుపెక్కుతాయి. మేతలోని రంగు వల్లయితే కొవ్వు మాత్రమే పసుపుగా ఉండి మిగతావన్నీ మామూలుగా ఉంటాయి. ఇంకా అనుమానం ఉంటే మాంసం తనిఖీ చేసేవాళ్ల దగ్గర పాత పద్ధతి ఒకటుంది: కొవ్వు ముక్కని 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మరిగించి, చల్లార్చి, ఈథర్ కలిపితే రెండు పొరలుగా విడిపోతుంది, పైన ఈథర్ పొర పసుపెక్కితే అది మేత రంగు, కింద నీటి పొరకి రంగు దిగితే అది పిత్తం రంగు. ఇంట్లో చేయకండి, ఈథర్ మంటకి దగ్గరగా ఉంచే వస్తువు కాదు.

సరే, కామెర్లు కాదని తేలాక అసలు ప్రశ్న మిగులుతుంది. ఒకే గడ్డి తింటే ఒకదానికి పసుపెందుకు, ఇంకోదానికి తెలుపెందుకు?

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, రిపోర్టులో దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేశారు. పశువులు, కోళ్లు కెరోటినాయిడ్లని, అంటే మొక్కల్లో ఉండే పసుపు, నారింజ రంగు పదార్థాల్ని, సొంతంగా తయారుచేసుకోలేవు, మేతలోంచి రావాల్సిందే. పచ్చగడ్డిలో బీటా కెరోటిన్, లూటీన్ దండిగా ఉంటాయి, ఆకుపచ్చ కింద దాగి ఉంటాయి కాబట్టి మనకి కనపడవు. అవి పేగు గోడ దాటి లోపలికి రావడానికి ఎస్‌సీఏఆర్‌బీ1 అనే జన్యువు తయారుచేసే వాహక ప్రోటీన్ కావాలి. లోపలికి వచ్చాక వాటి కోసం రెండు ఎంజైములు కత్తెర పట్టుకుని ఉంటాయి. బీసీఓ1 అనేది బీటా కెరోటిన్‌ని సరిగ్గా మధ్యలో కత్తిరిస్తుంది, అప్పుడు రెండు రెటినాల్డిహైడ్ అణువులు వస్తాయి, అదే విటమిన్ ఎ దారి. బీసీఓ2 అనేది మధ్యలో కాకుండా ఒక పక్కకి కత్తిరిస్తుంది, బీటా కెరోటిన్‌నే కాదు లూటీన్ లాంటివాటిని కూడా. అంటే ఒంట్లో పేరుకునే రంగుని ఎప్పటికప్పుడు ఖాళీ చేసే పని దానిది. కుండలో నీళ్లు పోస్తూ ఉంటే అడుగున చిల్లు ఉన్నట్టు అనుకోండి, బీసీఓ2 ఆ చిల్లు. దాన్ని తయారుచేయించే, అదే పేరున్న జన్యువు రెండు ప్రతుల్లోనూ చెడిపోయిన జంతువుకి చిల్లు మూసుకుపోతుంది, రంగు కొవ్వులో పేరుకుంటుంది.

ఇదంతా ఊహ కాదు. 2010లో నార్వే తెల్ల గొర్రెల మీద వచ్చిన పరిశోధనలో, పసుపు కొవ్వు ఉన్న గొర్రెల్లో బీసీఓ2 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి, 66వ స్థానంలో గ్లుటమిన్ (ప్రోటీన్‌ని కట్టే ఇటుకల్లో ఒకటి) రావాల్సిన చోట 'ఆగు' అనే సంకేతం వచ్చిందని తేల్చారు. ప్రోటీన్ అక్కడే ఆగిపోతుంది, ఎంజైము తయారే కాదు. మన కిట్ గొర్రెల్లో వెతికేది సరిగ్గా ఈ మార్పునే. లక్షణం అంతర్గతం కాబట్టి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులూ కలిస్తేనే పసుపు బయటపడుతుంది. ఒకటే ఉన్నది చూడటానికి తెల్లగానే ఉంటుంది కానీ పిల్లలకి దాన్ని అందించగలదు.

మొదటి పేజీకి మంచి మార్కులు ఎందుకంటే ఈ విషయం దాంట్లో శుభ్రంగా ఉంది. ప్రతి ట్యాగ్ నంబరు ఎదురుగా: రెండూ మంచివి, ఒకటి చెడింది, రెండూ చెడ్డాయి. అంతే. కొవ్వు పసుపుగా వచ్చిన పిల్లల్ని కన్న గొర్రెలు అన్నీ 'ఒకటి చెడింది' అనే వచ్చాయి, పొట్టేలు కూడా అంతే. అలాంటి జోడీకి పుట్టే పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి పసుపు, రెండు పైకి తెలుపు లోపల మోసేవి, ఒకటి పూర్తిగా శుభ్రం. మా దాంట్లో కనిపించిన తీరు దీనికి సరిపోయింది. ఇక్కడ డబ్బు కలిసొచ్చే సలహా ఒకటి ఇస్తా, కంపెనీ ఇవ్వదు కాబట్టి: మందంతటికీ కవర్లు కొనకండి. పొట్టేలు ఒక్కదానికి చేయించండి. దానికి రెండు ప్రతులూ మంచివని వస్తే, గొర్రెల సంగతి ఎలా ఉన్నా ఆ పొట్టేలు పిల్లల్లో ఒక్కదానికి కూడా ఈ కారణంగా పసుపు కొవ్వు రాదు. వెబ్‌సైట్‌లో మాత్రం 'మొత్తం మందకి ప్యాకేజీ' అని పెద్ద బొత్తాం పెట్టారు.

రిపోర్టులో లేని ముఖ్యమైన సంగతి ఇంకోటి. జన్యువు రెండు ప్రతులూ చెడినా, మేతలో పచ్చదనం లేకపోతే కొవ్వు తెల్లగానే ఉంటుంది, ఎందుకంటే పేరుకోవడానికి ముందు రంగు లోపలికి రావాలి కదా. గింజల దాణా మీద, ఎండలో బాగా ఎండి రంగు వెలిసిన గడ్డి మీద పెరిగిన పిల్లకి పరీక్షలో 'రెండూ చెడ్డాయి' అని వచ్చి, కోస్తే తెల్ల కొవ్వు కనిపించొచ్చు, అప్పుడు పరీక్ష తప్పని కంపెనీ మీద విరుచుకుపడతారు. పరీక్ష తప్పు కాదు. ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే సపోర్ట్ వాళ్లకి సగం మెయిళ్లు తగ్గేవి.

ఇప్పుడు రెండో పేజీ. పైన పెద్ద అక్షరాలతో 'విటమిన్ నిల్వ స్కోరు', దాని పక్కన ఎరుపు నుంచి బంగారు రంగు దాకా పట్టీ, మీ జంతువు ఎక్కడుందో చూపించే బాణం. రెండు ప్రతులూ చెడిన గొర్రెలకి బాణం బంగారు వైపు పెట్టి 'అధిక విటమిన్ ఎ నిల్వ' అని రాశారు. ఇది చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గొర్రె కొవ్వులో పేరుకునే పసుపు ప్రధానంగా లూటీన్. లూటీన్ నుంచి విటమిన్ ఎ తయారు కాదు, ఎందుకంటే విటమిన్ ఎకి కావాల్సిన చివరి వలయం దాంట్లో సరైన ఆకారంలో లేదు. అంటే ఆ గొర్రె కొవ్వు ఎంత పసుపుగా ఉన్నా ఆ పసుపులో విటమిన్ ఎ లెక్కకి వచ్చేది దాదాపు ఏమీ లేదు. అసలు విటమిన్ ఎకి, అంటే రెటినాల్‌కి, కంటికి కనిపించేంత రంగే ఉండదు, అది దాచుకునే చోటు కూడా కొవ్వు కన్నా ముందు కాలేయం, అక్కడ స్టెల్లేట్ కణాలనే ప్రత్యేక కణాల్లో కొవ్వు బిందువుల్లా నిలవ ఉంటుంది.

ఇంత చెప్పినా నమ్మకం కుదరకపోతే గేదెని చూడండి. ఆవు, గేదె ఒకే గట్టు మీద ఒకే గడ్డి తింటాయి. ఆవు వెన్న పసుపు, గేదె వెన్న తెలుపు. గేదె తన మేతలోని బీటా కెరోటిన్‌ని దాదాపు అంతా విటమిన్ ఎగా మార్చేసుకుంటుంది, కాబట్టి పాలలోకి రంగు పెద్దగా దిగదు, కానీ రెటినాల్ మాత్రం దిగుతుంది. మేకా అంతే, గొర్రే అంతే. రంగుని విటమిన్‌కి కొలబద్దగా పెట్టుకుంటే గేదె పాలు దేనికీ పనికిరావని తేలుతుంది, అది శుద్ధ తప్పు. రిపోర్టులో గేదె ఆప్షన్ లేకపోవడం వాళ్ల అదృష్టం.

ఆవుల దగ్గరికి వస్తే కథ కొంచెం మెరుగు. ఆవు కొవ్వులో, పాలలో కనిపించే పసుపు ప్రధానంగా బీటా కెరోటిన్, అది తిన్నవాళ్ల ఒంట్లో విటమిన్ ఎగా మారగలదు. న్యూజిలాండ్‌లో ఫ్రీజియన్, జెర్సీ సంకర ఆవుల మీద చేసిన పని 2009లో వచ్చింది, అక్కడా అదే బీసీఓ2 జన్యువు, ఈసారి 80వ స్థానంలో ట్రిప్టోఫాన్ బదులు 'ఆగు' సంకేతం. రెండు ప్రతులూ మారిన ఆవుల పాలలో బీటా కెరోటిన్ మామూలు ఆవుల కన్నా సుమారు 78 శాతం, ఒక ప్రతి మారిన ఆవుల కన్నా సుమారు 55 శాతం ఎక్కువని వచ్చింది. గొర్రెలోనూ ఆవులోనూ ఒకే జన్యువు వేరువేరు చోట్ల విరిగిందంటే, ఇది ఒకదాన్నుంచి ఒకదానికి వచ్చింది కాదు, రెండు జాతుల్లో విడివిడిగా జరిగింది. కుందేళ్లలో కూడా పసుపు కొవ్వు ఉన్నవి ఉన్నాయి, అక్కడ అదే జన్యువులో మూడు అక్షరాలు ఊడిపోయాయి. నాకు ఈ కిట్ వల్ల దొరికిన అసలు ఆనందం ఇలాంటివి వెతుక్కుని చదవడమే, అది ప్యాకేజీలో భాగం కాదనుకోండి.

ఆవుల రిపోర్టు చదివేటప్పుడు ఒక చిక్కు ఉంది, జాగ్రత్త. ఈ కంపెనీ ఫలితాన్ని జీ, ఏ అక్షరాలతో ఇస్తుంది. ఇంకో ల్యాబ్ నుంచి కొన్న ఆవు కాగితాల్లో అదే మార్పుకి సీ, టీ అని ఉంది. రెండూ ఒకటే, డీఎన్‌ఏకి రెండు పోగులుంటాయి, ఒకరు ఒక పోగుని చదివితే ఇంకొకరు ఎదుటి పోగుని చదివారు. జీకి ఎదురుగా సీ, ఏకి ఎదురుగా టీ. ఇది తెలియకపోతే వేరే జన్యువేదో పరీక్షించారని కంగారు పడతాం. ఏ పోగు చదివారో రిపోర్టు అడుగున చిన్నక్షరాలతోనైనా రాయాలి, వీళ్లు రాయలేదు. అడిగితే సమాధానం వచ్చింది, కానీ రావడానికి చాలా రోజులు పట్టింది.

పాల ఆవుకి ఇది చేయించాలా అంటే, మీ పాలు వెన్న తీసి, రంగు చూసి కొనేవాళ్లకి వెళ్తుంటే, మీ ఆవులకి ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చిమేత దొరుకుతుంటే, ఆబోతు ఎంపికలో ఇది ఒక చిన్న అంశంగా చూడొచ్చు. మాంసానికి పెంచేవాళ్లకి లెక్క తిరగబడుతుంది, చాలా మార్కెట్లలో పసుపు కొవ్వుని ముసలి పశువుకో పాల జాతికో గుర్తుగా చూసి ధర తగ్గిస్తారు, వాళ్లకి ఇదే పరీక్ష వదిలించుకోవడానికి పనికొస్తుంది. రిపోర్టులో మాత్రం అందరికీ ఒకే బంగారు బాణం. మీరు దేనికి పెంచుతున్నారని ఫారంలో ఒక ప్రశ్న కూడా లేదు.

కోళ్ల ప్యానెల్, అంటే కోళ్ల కోసం పెట్టిన పరీక్షల కట్ట, గురించి చెప్పడానికి చాలా ఉంది, ఎందుకంటే ఎక్కువ అమ్మకం దాని మీదే అనుకుంటా, ఎక్కువ అబద్ధం కూడా దాంట్లోనే ఉంది. 'బంగారు సొన జన్యువు' అని పేరు పెట్టారు. వాళ్లు పరీక్షించేది పసుపు చర్మం జన్యువు. అదీ బీసీఓ2నే, కాకపోతే ఇక్కడ ఎంజైము విరిగిపోలేదు, దాన్ని ఎక్కడ ఎంత తయారుచేయాలో చెప్పే భాగం మారింది, దాంతో చర్మంలో మాత్రం దాని తయారీ తగ్గి, కాలేయంలో మామూలుగానే ఉంటుంది. అందుకే కాళ్లు, చర్మం పసుపెక్కుతాయి. 2008లో వచ్చిన పరిశోధనలో ఇంకో గమ్మత్తు బయటపడింది: పెంపుడు కోడికి ప్రధాన పూర్వీకురాలు ఎర్ర అడవికోడే అయినా, ఈ పసుపు చర్మం ముక్క మాత్రం బూడిద అడవికోడి నుంచి వచ్చిందని. దక్షిణాసియాలో తిరిగే ఆ అడవికోడితో ఎప్పుడో కలిసిన సంకరం గుర్తు ఇవాళ ప్రపంచమంతా కోట్ల కోళ్ల కాళ్ల మీద ఉందన్నమాట.

ఇంత చక్కటి విషయాన్ని తీసుకుని సొనకి ముడిపెట్టడం అన్యాయం. సొన రంగు ప్రధానంగా మేత నిర్ణయిస్తుంది. పసుపు మొక్కజొన్న, లూసర్న్ గడ్డి, బంతిపూల సారం, వీటిలోని లూటీన్, దానిలాంటిదే అయిన జియాజాంథిన్ సొనలోకి దిగుతాయి. బీటా కెరోటిన్ ఎంత పెట్టినా సొనకి పెద్దగా రంగు రాదు. తెల్ల చర్మం కోడికి మంచి మేత పెడితే ముదురు సొన పెడుతుంది, పసుపు చర్మం కోడికి తెల్ల జొన్న దాణా పెడితే పాలిపోయిన సొన పెడుతుంది. పైగా ఆ రంగునిచ్చే లూటీన్, జియాజాంథిన్ రెండూ విటమిన్ ఎగా మారేవి కావు, కాబట్టి ముదురు సొనలో విటమిన్ ఎ ఎక్కువుంటుందని బాణం గీయడం ఇక్కడా తప్పే.

గుడ్లు పెట్టే పెట్టని దగ్గర్నుంచి చూసినవాళ్లకి రంగు ఎటు పోతుందో తెలుసు. పసుపు చర్మం పెట్ట గుడ్లు మొదలుపెట్టాక మేతలోని రంగంతా సొన వైపు మళ్లుతుంది, చర్మంలో ఉన్నది ఒక వరసలో వెలిసిపోతుంది: ముందు గుడ్డు బయటికొచ్చే ద్వారం చుట్టూ, తర్వాత కంటి చుట్టూ ఉండే వలయం, చెవి తమ్మె, తర్వాత ముక్కు, ముక్కులో మొదటి భాగం ముందు తెల్లబడి కొస చివరికి మిగులుతుంది, ఆఖర్న కాళ్లు. గుడ్లు ఆపేస్తే అదే వరసలో రంగు తిరిగొస్తుంది. కాళ్లు తెల్లబడిన పెట్ట చాలా కాలంగా బాగా పెడుతోందని అర్థం. పాత కోళ్లవాళ్లు ఇది చూసే ఏ పెట్టని ఉంచాలో ఏది తీసేయాలో తేల్చేవాళ్లు. ఈ కంపెనీ ఫొటో ఆధారంగా ఇచ్చే 'రంగు గ్రేడు'లో మాత్రం అలా వెలిసిన కాళ్ల పెట్టకి తక్కువ మార్కులు పడతాయి. ఎక్కువ గుడ్లు పెట్టినందుకు శిక్ష అన్నట్టు.

పసుపు చర్మమా కాదా తెలుసుకోవడానికి చాలా సందర్భాల్లో కిట్ అక్కర్లేదు కూడా. కోడిని ఎత్తి పాదం కింద చూస్తే చాలు. కాలి పొలుసుల కింద నల్ల వర్ణకం ఉన్న కోళ్లలో పసుపు చర్మం మీద అది కలిసి కాళ్లు ఆకుపచ్చగా, తెల్ల చర్మం మీద కలిసి పలకరాయి నీలంగా కనిపిస్తాయి, పైనుంచి చూస్తే గందరగోళం, కానీ అరికాలు నిజం చెప్పేస్తుంది. పరీక్ష పనికొచ్చేది ఒక్కచోట: తెల్ల చర్మం బహిర్గతం కాబట్టి తెల్లగా కనిపించే పుంజు లోపల ఒక పసుపు ప్రతిని మోస్తుందో లేదో కంటికి తెలియదు. జాతి పుంజు మీద పెట్టుబడి పెట్టేవాళ్లకి అది తెలియడం విలువైనదే.

మాంసం కోళ్ల అదనపు పరీక్షలో బీసీఓ1 కూడా ఉంది, ఇది నిజంగా ఆసక్తికరం, కానీ వాళ్లు రాసిన వివరణ తలకిందులుగా ఉంది. ఆ జన్యువు తయారీ తక్కువగా ఉండే రకం కోళ్లలో రొమ్ము మాంసం ఎక్కువ పసుపుగా ఉంటుంది, లూటీన్, జియాజాంథిన్ ఎక్కువ నిలుస్తాయి. బీసీఓ1 పనే బీటా కెరోటిన్‌ని విటమిన్ ఎగా మార్చడం. అంటే ఇక్కడ మాంసం పసుపెక్కిన కోడి, ఆ మార్పిడి తక్కువగా చేసే కోడి! దానికి 'విటమిన్ బంగారం' బ్యాడ్జి ఇచ్చారు. దాణాలో విటమిన్ ఎని నేరుగా కలిపే చోట కోడికి దీనివల్ల ఇబ్బంది ఉండదు కాబట్టి ఎవరికీ తేడా తెలియదు, బ్యాడ్జి అలాగే చెల్లిపోతోంది.

ఇంకా ముందుకెళ్తే, ఒంట్లో విటమిన్ ఎ చాలినంత ఉన్నప్పుడు శరీరమే బ్రేకు వేస్తుంది. విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం పెరిగితే పేగులో ఐఎస్‌ఎక్స్ అనే నియంత్రకం లేచి, పైన చెప్పిన ఎస్‌సీఏఆర్‌బీ1నీ బీసీఓ1నీ రెంటినీ తగ్గిస్తుంది, లోపలికి రావడం తగ్గుతుంది, మార్చడమూ తగ్గుతుంది. ఇలా తనని తాను దిద్దుకునే వ్యవస్థకి ఒక జన్యువులో ఒక అక్షరం చూసి స్కోరు ఎలా ఇస్తారు? పైగా పేగుకి కాక్సిడియా అనే పరాన్నజీవి తగిలితే కోడి ఎంత మంచి మేత తిన్నా రంగు పీల్చుకోదు, కాళ్లు పాలిపోతాయి, అప్పుడు జన్యువు ఏం చేస్తుంది. నేను సపోర్ట్‌కి ఇదే రాస్తే 'మా అల్గారిథమ్ అనేక అంశాలని పరిగణిస్తుంది' అని వచ్చింది. ఏ అంశాలో చెప్పమంటే అది వ్యాపార రహస్యమట.

అన్నిటికన్నా చిరాకు ఏంటంటే, విటమిన్ పేరు పెట్టిన ప్యానెల్‌లో విటమిన్ నిల్వని నిజంగా దెబ్బతీసే జన్యువులు లేవు. కోళ్లలో రైబోఫ్లేవిన్, అంటే బీ2, సంగతి 1950ల నుంచీ తెలుసు. మామూలు గుడ్డు పగలగొడితే తెల్లసొనలో సన్నగా ఆకుపచ్చ–పసుపు ఛాయ కనిపిస్తుంది చూడండి, అది రైబోఫ్లేవిన్. దాన్ని పెట్ట ఒంట్లోంచి గుడ్డులోకి మోసుకెళ్లే ప్రోటీన్ ఒకటుంది. ఆ ప్రోటీన్ జన్యువు రెండు ప్రతులూ చెడిన లెగ్‌హార్న్ జాతి పెట్టలు ఆరోగ్యంగానే ఉంటాయి, గుడ్లు పెడతాయి, కానీ తెల్లసొనలో ఆ ఛాయ ఉండదు, పిండం 13వ రోజు ప్రాంతంలో చనిపోతుంది. దాణాలో బీ2 ఎంత పెంచినా లాభం లేదు, మూత్రంలో పోతుంది, గుడ్డులోకి చేరదు. అదే గుడ్డులోకి నేరుగా రైబోఫ్లేవిన్ ఇంజెక్ట్ చేస్తే పిల్ల బతుకుతుంది. జన్యువు వల్ల విటమిన్ నిల్వ ఆగిపోవడమంటే ఇదీ. పందుల్లో కూడా, విటమిన్ సి తయారుచేసుకునే గులో జన్యువులో ముక్క ఊడిపోయిన రకం ఉంది, మిగతా పందుల్లా కాకుండా వాటికి సి విటమిన్ మేతలోనే ఇవ్వాలి, లేకపోతే ఎముకలు వంకర్లు పోతాయి. ఇలాంటివి అరుదు, అందుకే అమ్మకానికి పనికిరావేమో.

చేపల ప్యానెల్ 'త్వరలో' అని వెబ్‌సైట్‌లో ఉంది. సాల్మన్ మాంసం రంగు మీద జన్యువుల ప్రభావం బాగానే ఉంది, ఒకే నీళ్లలో ఒకే తిండి తిన్న చినూక్ సాల్మన్‌లో కొన్నిటికి మాంసం ఎర్రగా, కొన్నిటికి తెల్లగా ఉంటుంది. అది వచ్చాక చూద్దాం, దానికీ బంగారు బాణం పెట్టకపోతే చాలు.

విటమిన్ ఎ నిజంగా ఎంతుందో తెలియాలంటే దారి వేరే: పాలనో గుడ్డునో కాలేయం ముక్కనో ల్యాబ్‌లో కొలిపించాలి. రక్తం ఒక్కటే చూస్తే సరిపోదు, కాలేయంలో నిల్వ ఉన్నంతకాలం అది రక్తంలో రెటినాల్‌ని ఒకే మట్టంలో నిలబెడుతుంది, నిల్వ అడుగంటాకే రక్తంలో పడిపోవడం కనిపిస్తుంది. కిట్‌తో పాటు 'రక్త విటమిన్ యాడ్ఆన్' తీసుకోమని వచ్చే మెయిల్‌ని అందుకే నేను పట్టించుకోలేదు.

కొనేవాళ్లు ఆర్డర్ చేసేటప్పుడు 'ముడి ఫలితాల ఫైలు' అనే గడి టిక్ చేయండి, అది మామూలుగా ఖాళీగా ఉంటుంది, అదనంగా ఏమీ తీసుకోరు. దాంట్లో ప్రతి ట్యాగ్‌కీ అక్షరాలు ఉంటాయి, బాణాలు ఉండవు. పొట్టేలుకో పుంజుకో వచ్చిన ఆ అక్షరాలు దాని జీవితకాలం మారవు, పుస్తకంలో ట్యాగ్ నంబరు పక్కన రాసుకోవచ్చు. స్కోరు మాత్రం వాళ్లు యాప్ అప్‌డేట్ చేసినప్పుడు మా పొట్టేలుకి దానంతట అదే పెరిగింది, ఆ మధ్యలో అది చేసిందల్లా గడ్డి తినడం.